చలికి ఆకు రాల్చే మేపుల్, ఎండకు రాల్చే మోదుగు

అక్టోబరు వచ్చిందంటే చాలు, పిల్లలు అమెరికాలో ఉన్న సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఇళ్లల్లో ఫోన్ల నిండా ఎర్రటి మేపుల్ ఆకుల ఫొటోలే. ఆకు రాలే అడవి కోసం అంత దూరం పోనక్కర్లేదు, మన చుట్టూ ఉన్నదీ ఆకురాల్చే అడవే. రాల్చే నెలలే వేరు. ఇక్కడ మాఘ ఫాల్గుణాల్లో మొదలవుతుంది. ఒక ముఖ్య కారణం మాత్రం రెండుచోట్లా నీళ్లే. అక్కడ చలికి నేల గడ్డకట్టి ఓక్, మేపుల్ వేర్లకు తడి అందదు. ఇక్కడ నేల ఎండిపోయి అందదు. ఆకులుంటే ఉన్న కాస్త నీరూ వాటిగుండా ఆవిరైపోతుంది కనుక చెట్టు వాటిని వదిలించుకుంటుంది.

ఓక్, మేపుల్ అడవులు మన దేశంలోనూ ఉన్నాయి, హిమాలయాల్లో. 1968లో అటవీ శాస్త్రవేత్తలు చాంపియన్, సేఠ్ దేశంలోని అడవులను 16 వర్గాలు చేసినప్పుడు వీటిని 12వ వర్గంలో పెట్టారు. మట్టపల్లి, దామరచర్ల వైపు కృష్ణ ఒడ్డున మిగిలిన అడవి 5, 6 వర్గాల కిందికి వస్తుంది. ఒకటి ఆకురాల్చే పొడి అడవి, రెండోది ముళ్ల అడవి.

మేపుల్ ఎరుపు రాలబోయే ఆకుది. మోదుగు ఎరుపు పువ్వుది. కొమ్మ మీద ఆకు లేనప్పుడు పూస్తుంది కాబట్టి పక్షులకు దూరం నుంచే కనబడుతుంది. తేనెకు వచ్చిన పిట్టలే పుప్పొడి మోస్తాయి. హోలీ రంగు దాని పువ్వుదే, విస్తరి దాని ఆకుదే. నన్నడిగితే మోదుగుకే ఓటు. రాలే ఆకు ఎరుపే కావాలంటారా, వీధిలో నాటు బాదం చెట్టు చాలు. అందులోనూ మేపుల్‌లోనూ ఉన్నది ఒకటే రంగు, ఆంథోసయనిన్.

1965 నుంచి కెనడా జెండా మీద ఉన్నది మేపుల్ ఆకు. ఆ చెట్టు కాండానికి బెజ్జం వేసి తీపి రసం పడతారు. 40 లీటర్లు మరగకాస్తే 1 లీటరు పాకం దిగుతుంది, ఎందుకంటే రసంలో చక్కెర నూటికి 2 పాళ్లే. మన గౌడన్న తాటి గెల గీసి దించే నీరాలో 10 పాళ్లకు పైనే. అయితే అది ఎండ పొడిచేసరికి పులిసి కల్లవుతుంది. మేపుల్ రసానికి చలే కాపలా.

నీళ్ల విషయంలో మొసలి తోలులాంటి బెరడున్న నల్లమద్ది మరీ జాగ్రత్తపరురాలు, కాండంలోనే నీళ్లు దాచుకుంటుంది. 2024 మార్చిలో పాపికొండల అడవిలో సిబ్బంది ఒక నల్లమద్ది బెరడు కోస్తే నీళ్లు ధార కట్టాయి. చూసినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు గానీ, అక్కడి కొండరెడ్డి గిరిజనులకు అది ఎప్పటినుంచో తెలిసిన సంగతే.

మన పొడి నేలల్లోనే పూసి బతుకమ్మకెక్కే తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. దాని బెరడుతో తోళ్లు ఊనేవారు. గుట్టల మీద సొంత ఊళ్లో ఉన్నట్టు కాసే సీతాఫలం మాత్రం అమెరికా ఖండం నుంచి వచ్చిన చెట్టు. చెరువు కట్టల్ని ఆక్రమించిన సర్కారు తుమ్మదీ ఆ గడ్డే.

ఎండాకాలంలో చెట్టు మోడుగా కనబడితే ఎండిపోయిందని గొడ్డలి ఎత్తకండి. గోటితో సన్నకొమ్మ మీద బెరడు గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే అది బతికే ఉంది.