పురుగుమందు తాగినవారికి మొదట చేయాల్సింది

ఎవరైనా పురుగుమందు తాగారని తెలియగానే చాలా ఊళ్లలో ముందు కక్కించే పని మొదలవుతుంది. ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు, కొన్నిచోట్ల పేడనీళ్లు కూడా గొంతులో పోస్తారు. ఎలాగైనా బతికించుకోవాలన్న ఆత్రంతోనే చేస్తారు గానీ, దానివల్లే ప్రాణం పోవచ్చు. స్పృహ తప్పుతున్న మనిషిని కక్కిస్తే కడుపులో ఉన్నది ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. చాలా మందుల్లో కిరోసిన్ లాంటి ద్రావకాలు కలుస్తాయి కనుక ముప్పు ఇంకా ఎక్కువ.

క్లోరిపైరిఫాస్, మోనోక్రోటోఫాస్ వంటివి ఆర్గానోఫాస్ఫేట్లు. నరాలు గ్రంథులకూ కండరాలకూ కబురు పంపేది ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనంతో. పని అయ్యాక దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్‌ను ఈ మందులు పనిచేయనివ్వవు. ఎసిటైల్‌కోలిన్ పేరుకుపోయి నోట చొంగ కారుతుంది, ఒళ్లంతా చెమట పడుతుంది, కంటిపాప గుండుసూది మొనంత అవుతుంది. ఊపిరితిత్తుల్లో ద్రవం నిండి ఊపిరి అందకపోవడమే అన్నిటికన్నా ప్రమాదం.

దీనికి విరుగుడు అట్రోపిన్. అది ఉమ్మెత్తలోనూ ఉంటుంది. అలాగని ఆకు నూరి పోస్తే మరో విషం పెట్టినట్టే; ఏ ఆకులో ఎంతుందో ఎవరికీ తెలియదు. విషమా కాదా అన్నది మోతాదే తేలుస్తుందని 16వ శతాబ్దంలో పారాసెల్సస్ అనే వైద్యుడు చెప్పింది ఇందుకే నాకు ఇప్పటికీ గొప్ప మాట అనిపిస్తుంది. ఆసుపత్రిలో కొద్దిగా మొదలుపెట్టి, అయిదేసి నిమిషాలకు మోతాదు రెట్టింపు చేస్తారు. ఛాతీలో గురగుర పోయి, నాడి 80 దాటి, బీపీ నిలబడేదాకా ఇస్తారు.

తాగింది పారాక్వాట్ అనే గడ్డిమందైతే నమ్మదగిన విరుగుడే లేదు. పైగా అవసరం లేకుండా ఆక్సిజన్ పెడితే ఊపిరితిత్తులు ఇంకా దెబ్బతింటాయి. తాగింది ఏ మందో డాక్టర్లకు తెలియాలి; అందుకే మందు డబ్బా వెంట తీసుకెళ్లడం అంత ముఖ్యం.

ఇంట్లోవాళ్లు చేయాల్సింది కొంచెమే. 108కి ఫోన్ చేసి, మనిషిని ఎడమపక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పోయకూడదు. మందు చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది కాబట్టి చేతులకు కవర్లు తొడుక్కుని, తడిసిన బట్టలు తీసేసి, ఒళ్లు సబ్బుతో కడగాలి.

ఆర్గానోఫాస్ఫేట్ తాగినవాళ్లు మర్నాటికి తేరుకుని మాట్లాడుతుంటే, ఇంటికి తీసుకెళ్తామని బంధువులు పట్టుబడుతుంటారు. కానీ ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మెడ కండరాలు, ఆ తర్వాత ఊపిరి ఆడించే కండరాలు చచ్చుబడతాయి. నర్సు మాటిమాటికీ వచ్చి తల దిండు మీంచి ఎత్తమని అడిగేది అందుకే. ఎత్తలేకపోతే ఆ మనిషికి వెంటిలేటర్ అవసరం దగ్గరపడిందని అర్థం.