మూతబడిన వర్క్‌ప్లేస్ – పాల సంఘాలు గ్రహించవలసిన విషయం

మేడ్చల్, శామీర్‌పేట వైపు గ్రామాలలో కొన్ని ఇళ్లలో రెండు పనులు సాగుతుంటాయి. పెద్దవారు తెల్లవారుజామున పాలు పితికి కేంద్రానికి పోస్తారు. పిల్లలు జీడిమెట్ల పారిశ్రామికవాడకు డ్యూటీకి బయలుదేరుతారు. మన కేంద్రం గోడమీద ధరల పట్టిక ఉన్నట్లే పని స్థలాలలోనూ నోటీసు బోర్డు ఉంటుంది. కొంతకాలంగా చాలా సంస్థలలో ఆ బోర్డు ఫోనులోకి చేరింది. అటువంటి ఫోను బోర్డులలో పేరుపడినది ఒకటి మూతబడింది. ఆఫీసుల సంగతి మనకెందుకని అనుకోరాదు. వాట్సాప్ గ్రూపు నడుపుకొనే ప్రతి పాల సంఘానికీ ఇందులో పాఠం ఉంది.

వర్క్‌ప్లేస్ అంటే ఏమిటి?

ఫేస్‌బుక్ సంస్థ 2015లో దీనిని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, 2016 అక్టోబరులో ‘వర్క్‌ప్లేస్’ అనే పేరుతో విడుదల చేసింది. ఒక సంస్థలో పనిచేసేవారు మాత్రమే చేరగల ఫేస్‌బుక్ అనుకోవచ్చు. సర్క్యులర్లు, ఫోటోలు, షిఫ్టు మార్పులు, సిబ్బంది సలహాలు అన్నీ అందులోనే పంచుకునేవారు. విడుదలైనపుడు దీనిని వాడే సంస్థలు మన దేశంలోనే ఎక్కువగా ఉండేవి. 2021 నాటికి చందా చెల్లించి వాడేవారు 70 లక్షలమంది.

అయినా అది నిలువలేదు. ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా, తాము కృత్రిమ మేధ వంటి ఇతర పనులపై దృష్టి పెడుతున్నామని చెప్పి, 2024 మే నెలలో దీని మూసివేతను ప్రకటించింది. 2025 ఆగస్టు 31 వరకు మామూలుగా పనిచేయనిచ్చింది. ఆ తరువాత పాత విషయాలు చదువుకొనుటకు, దింపుకొనుటకు మాత్రమే 2026 మే 31 వరకు గడువు పెట్టింది. మన సంఘంలో సభ్యునికి ఓటు ఉంది. అక్కడ చందాదారునికి ఓటు లేదు. యజమాని వద్దనుకుంటే అంతే.

ఇది మొదటిసారి కాదు

తంతి సంగతి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. తంతి వచ్చిందంటే విప్పకముందే ఇంట్లో ఏడుపులు మొదలయ్యేవి. 1850లో కలకత్తా, డైమండ్ హార్బర్ల మధ్య తొలి తీగ వేశారు. 2013 జూలైలో బి.ఎస్.ఎన్.ఎల్. ఆ సేవను ఆపివేసింది. నూట అరవై ఏళ్లు పైబడిన తంతికే సెలవు తప్పనపుడు, నిన్నమొన్న వచ్చిన యాప్ మాట చెప్పనక్కరలేదు. యాప్ ఉన్నా ఫోను పాతబడితే చిక్కే. ఆండ్రాయిడ్ 4.4తో నడిచే పాత ఫోనులలో 2025 ఆరంభం నుంచి వాట్సాప్ పనిచేయడం లేదు.

మనకు కలుగగల నష్టం

గాలికుంటు టీకా వేసిన తేదీ, పశువు చెవిపోగుపై ఉండే 12 అంకెల నంబరు, ధర మారిన రోజు, మహాజన సభ నోటీసు – ఇవన్నీ గ్రూపులో ఫోటోలుగా పడుతున్నాయి. రిజిస్టరులో ఎక్కించే అలవాటు తగ్గితే ప్రమాదం. రేపు పాడిగేదె చనిపోయి బీమా సొమ్ము కోరవలసి వస్తే, మొదట అడిగేది చెవిపోగు నంబరే. కార్యదర్శి ఫోను నీటిలో పడినా, గ్రూపు పోయినా, ఆ నంబరు ఎక్కడ వెదకాలి? ధర విషయంలో తగవు వస్తే ఏది చూపాలి?

సంఘాలు చేయవలసిన పనులు

1. గ్రూపులో పెట్టిన ముఖ్య విషయాన్ని అదే రోజు రిజిస్టరులో వ్రాయాలి. తీర్మానాలు మినిట్సు పుస్తకంలోనే ఉండాలి.

2. చెవిపోగు నంబర్లు, టీకా తేదీలు సభ్యునివారీగా ఒక పుస్తకంలో ఉంచాలి. సభ్యులు కూడా ఇంటివద్ద ఒక కాగితంపై వ్రాసుకొనాలి.

3. గ్రూపు నిర్వహణ ఒక్కరి ఫోనుమీద ఆధారపడరాదు. కనీసం ఇద్దరు అడ్మిన్లు ఉండాలి. కార్యదర్శి మారితే రిజిస్టర్లతోపాటు గ్రూపును కూడా అప్పగించాలి.

4. నెలకొకసారి గ్రూపు సంభాషణను ‘ఎక్స్‌పోర్ట్ చాట్’ ద్వారా దింపి సంఘం కంప్యూటరులో దాచాలి.

5. ఏ యాప్ అయినా మూసివేస్తున్నారని తెలిస్తే చివరి వారం దాకా ఆగరాదు. క్రొత్తదానిని మొదలుపెట్టి, వీలున్నంతకాలం రెండూ నడపాలి. స్మార్ట్‌ఫోను లేని సభ్యులకు పాల కేంద్రంలో ఉదయం, సాయంత్రం నోటితో చెప్పాలి. బోర్డుపై వ్రాయాలి.

6. “వాట్సాప్ మూతపడుతోంది, ఈ లింకు నొక్కండి” అని ఎవరో పంపితే నొక్కరాదు. ఓటీపీ ఎవరికీ చెప్పరాదు.

పశువును అమ్మినా పలుపు మాత్రం ఇంట్లోనే ఉంచుకొనే ఆచారం కొందరిలో ఉంది. పనిముట్టు విషయంలోనూ అదే పద్ధతి మంచిది. అది వచ్చినపుడు వాడుకుందాము, పోయినపుడు సాగనంపుదాము. లెక్క మాత్రం మన పుస్తకంలో ఉండాలి. రాబోయే పాలకవర్గ సమావేశంలో ఈ విషయం చర్చించి, రిజిస్టర్లు ఎంతవరకు వ్రాసి ఉన్నవో ఒకసారి సరిచూసుకొనవలసినదిగా సంఘాలను కోరుతున్నాము.