ప్యాకింగా, సిలికాన్ పేస్టా?

భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో పని ప్రారంభించింది. ఉక్కుతోపాటు లారీలూ, లారీలతోపాటు వాటిని బాగుచేసే షెడ్లూ ఇక్కడ పెరిగాయి. అలాంటి షెడ్డులో మీరు పనిచేస్తుంటే ఈ మాట వినే ఉంటారు: "మేస్త్రీ, సాయంత్రం లోడు ఎత్తాలి. ప్యాకింగ్ దొరక్కపోతే పేస్టు పూసి బిగించెయ్యండి." అప్పుడు మీరేం చేయాలి?

రెండు లోహపు ముఖాలను ఎంత బిగించినా వాటి మధ్య సన్నని సందులు మిగులుతాయి. వాటిని మూసేది గాస్కెట్. దీనినే మనం ప్యాకింగ్ అంటాం. సిలికాన్ పేస్టు కూడా సందులను మూస్తుంది. ఇది గాలిలోని తేమతో రబ్బరులా గట్టిపడుతుంది. ఏది వాడాలో తెలియాలంటే మూడు ప్రశ్నలు వేసుకోండి.

1. ఒత్తిడి ఎంత? నేటి లారీ డీజిల్ ఇంజను సిలిండరులో ఒత్తిడి వాతావరణ పీడనానికి నూరు రెట్లు దాటుతుంది. హెడ్ ప్యాకింగ్‌కు బదులు పేస్టు ఎన్నడూ పనికిరాదు.

2. మందం ముఖ్యమా? గేరుబాక్సు బేరింగు కవరు వంటి కొన్ని చోట్ల ప్యాకింగ్ మందమే లోపలి ఖాళీని నిర్ణయిస్తుంది. పేస్టు నలిగి బయటికి వస్తే ఆ ఖాళీ తగ్గి, బేరింగు బిగుసుకుని వేడెక్కుతుంది.

3. ఏ ద్రవం తగులుతుంది? డీజిల్ తగిలితే మామూలు సిలికాన్ ఉబ్బి మెత్తబడుతుంది.

మరి పేస్టు ఎక్కడ వాడాలి? తయారీదారు సూచించిన చోట వాడాలి. కొన్ని ఇంజనుల ఆయిల్ చాంబరుకు, కొన్ని వెనుక హౌసింగులకు పేస్టే సూచిస్తారు. పాత పొరను గీకి, నూనె జిడ్డు పూర్తిగా తుడవండి. జిడ్డుపై పేస్టు అంటుకోదు. సుమారు 3 మి.మీ. మందంతో, తెగకుండా, బోల్టు రంధ్రాలకు లోపలివైపుగా గీత పూయండి. పైపొర కట్టకముందే భాగాలను కలపండి. పూర్తిగా గట్టిపడడానికి సాధారణంగా ఒక రోజు పడుతుంది. ట్యూబుపై రాసిన గడువు వరకు ఆయిల్ పోయకండి.

గమనిక: "ఎక్కువ పూస్తే ఎక్కువ గట్టి" అనుకోవడం పొరపాటు. లోపలికి పొంగిన పేస్టు ముక్కలై చాంబరులో పడుతుంది. అవి స్ట్రెయినరును మూసివేస్తే బేరింగులకు ఆయిల్ అందదు. ఇంజను పట్టేస్తుంది. ఒక ప్యాకింగ్ ఖర్చు మిగిల్చబోయి యజమాని ఇంజనునే పోగొట్టుకుంటాడు. మీపై నమ్మకమూ పోతుంది. కాబట్టి అవసరమైతే "రేపటిదాకా ఆగండి" అని కారణంతో సహా చెప్పండి. అదీ మీ పనిలో భాగమే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. హెడ్ ప్యాకింగ్ స్థానంలో పేస్టు ఎందుకు వాడకూడదు?
2. పేస్టు ఎక్కువైతే ఆయిల్ ప్రవాహం ఎలా ఆగుతుంది?
3. పైన లోడు కోసం తొందరపడిన యజమానికి మీరేమని జవాబిస్తారు?