ఇంటితో పాటు వాడకట్టు: మధ్య మానేరు పునరావాస గ్రామాల్లో నడక దూరానికి గల ప్రాధాన్యం

రాజన్న సిరిసిల్ల జిల్లా బోయినపల్లి మండలం మాన్వాడ వద్ద మానేరు నదిపై నిర్మితమైన మధ్య మానేరు జలాశయం 25 టీఎంసీలకు పైగా నీటిని నిల్వ చేయగల ప్రాజెక్టు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జలయజ్ఞంలో భాగంగా చేపట్టిన ఈ నిర్మాణం తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తర్వాత పూర్తయింది. ఎగువ మానేరుకు, కరీంనగర్ వద్ద గల దిగువ మానేరుకు నడుమ ఉన్నందున దీనికి ఆ పేరు వచ్చింది. వేలాది ఎకరాలకు సాగునీరు అందించడానికి ఉద్దేశించిన ఈ జలాశయం కోసం బోయినపల్లి మండలంలోని కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి తదితర గ్రామాల ప్రజలు తమ ఊళ్లను వదులుకున్నారు. వారికోసం పునరావాస కాలనీలు ఏర్పడ్డాయి.

నష్టపరిహారం, ఇంటి స్థలం, ఇంటి నిర్మాణం అనే మూడు అంశాల చుట్టూనే సాధారణంగా పునరావాసంపై చర్చ జరుగుతుంది. ఆ మూడూ ముఖ్యమైనవే. అయితే ఊరు అంటే ఇళ్ల మొత్తం మాత్రమే కాదు. ఏ ఇంటికి ఏది ఎంత దూరంలో ఉన్నదనేది కూడా ఊరే. ఈ ప్రాంత ప్రజలు ‘వాడకట్టు’ అని పిలుచుకునే ఇరుగుపొరుగు జీవనమంతా ఈ దూరాల మీదే ఆధారపడి ఉన్నది.

ఈ ప్రాంతంలో అనేక కుటుంబాలకు బీడీల తయారీ ప్రధాన ఆదాయ వనరు. మహిళలు తునికాకు, తంబాకు తెచ్చుకొని, ఒకరి ఇంటి వాకిట్లోనో అరుగు మీదనో నలుగురైదుగురు కూడి, చాటలు ఒడిలో పెట్టుకొని బీడీలు చుడతారు. కూలి వేయి బీడీల లెక్కన లభిస్తుంది. కనుక చుట్టిన బీడీలను అప్పగించడానికి కార్ఖానాకు నడిచి వెళ్లిరావడంలో గడిచే ప్రతి గంటా ఆ మేరకు తగ్గిన కూలియే. కార్ఖానా పక్క వీధిలో ఉంటే ఒక విధం, రెండు కిలోమీటర్ల అవతల ఉంటే మరొక విధం. కలిసి కూర్చోవడంలో మరొక సౌకర్యం ఉన్నది. ఒక తల్లి రేషన్ దుకాణానికో గిర్నీకో వెళ్లినప్పుడు ఆమె బిడ్డను పక్కింటివారు చూస్తారు. దీనికి ఏ పథకమూ అవసరం లేదు. పక్క ఇల్లు పక్కనే ఉంటే చాలు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి పెద్ద సంఖ్యలో పురుషులు ఉపాధి కోసం గల్ఫ్ దేశాలకు వెళ్లడం తెలిసిన విషయమే. అటువంటి కుటుంబాలలో ఇంటి వద్ద మిగిలేది మహిళలు, వృద్ధులు, పిల్లలు. బడి, అంగన్‌వాడీ, ఆరోగ్య ఉపకేంద్రం, బస్సు ఆగే చోటు నడిచి చేరుకోగల దూరంలో ఉండటం వీరికి నిత్యావసరం. ఇంట్లో మోటారు సైకిల్ ఉన్నా నడిపేవారు దూరదేశంలో ఉన్నారు.

నడక దూరమనే భావన చట్టాలలోనూ కనిపిస్తుంది. బాలల ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టం కింద కేంద్రం 2010లో రూపొందించిన నిబంధనలు ఐదో తరగతి వరకు బడి ఒక కిలోమీటరు, ఎనిమిదో తరగతి వరకు 3 కిలోమీటర్ల నడక దూరంలో ఉండాలని పేర్కొన్నాయి. 2014 జనవరి 1న అమలులోకి వచ్చిన భూసేకరణ, పునరావాస చట్టం తన మూడవ షెడ్యూలులో పునరావాస ప్రాంతాలలో కల్పించవలసిన 25 సౌకర్యాలను వివరించింది. ఆరోగ్య ఉపకేంద్రం 2 కిలోమీటర్ల పరిధిలో ఉండాలి. ప్రతి వంద కుటుంబాలకు ఒక సామాజిక భవనం, పిల్లలకు ఆటస్థలం, పశువులకు మేత భూమి, తాగునీరు ఉండాలి. ప్రతి 50 కుటుంబాలకు ఒక రచ్చబండ, అనగా చెట్టు చుట్టూ కట్టిన గద్దె, ఉండాలని కూడా ఆ షెడ్యూలు చెబుతున్నది. సిమెంటు రోడ్ల కొలతలు, విద్యుత్ స్తంభాల లెక్కల మధ్య ఈ ఒక్క పంక్తిని చాలామంది గమనించరు. ఊరి పెద్దల సాయంత్రాలను చట్టం గుర్తించడం విశేషమే.

మధ్య మానేరు ప్రాజెక్టు ఈ చట్టం కంటే ముందుగానే మొదలైనది. 2005లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన పునరావాస విధానం ఆనాటికి అమలులో ఉండేది. అయినప్పటికీ, నేడు ఏ కాలనీలో సౌకర్యాలను సమీక్షించినా ఈ షెడ్యూలు అధికారులకు అనుకూలమైన కొలబద్ద. సమీక్షను పటం మీద కాక కాలినడకన చేపట్టడం మేలు. పటంలో అర కిలోమీటరుగా కనిపించేది, నీడలేని వెడల్పు రోడ్డుపై వేసవి మధ్యాహ్నం వృద్ధురాలికి చాలా దూరం. 2015లో ప్రారంభమైన తెలంగాణకు హరితహారం కింద రోడ్ల వెంట మొక్కలు నాటే కార్యక్రమం విస్తృతంగా సాగింది. కొత్త కాలనీలలో బడికి, దుకాణానికి వెళ్లే దారిలోని మొక్కలను బతికించుకోవడం అన్నిటికంటే ముందు జరగాలి.

స్థలాల కేటాయింపు మరొక అంశం. షెడ్యూల్డు తెగల కుటుంబాలను వీలైనంత వరకు ఒకే చోట కలిపి ఉంచాలని 2013 చట్టం సూచించింది. ఇతర కుటుంబాల విషయంలోనూ పాత ఇరుగుపొరుగును విడదీయకుండా కేటాయింపు జరిగితే, కొత్త ఊరిలో అరుగులు త్వరగా నిండుతాయి. ఇందుకు అదనపు వ్యయం లేదు. గ్రామసభలో ఒక పూట కూర్చుని మాట్లాడుకుంటే సరిపోతుంది.

కొన్ని దూరాలను ఏ ప్రణాళికా తగ్గించలేదు. వరదవెల్లి గుట్టపై వెలసిన దత్తాత్రేయ స్వామి ఆలయం చుట్టూ జలాశయం నిండినప్పుడు నీరు చేరుతుంది. ఒకనాడు ఊరివారు నడిచి వెళ్లిన గుడికి అప్పుడు పడవపై వెళ్లవలసి వస్తున్నది. బతుకమ్మ విషయం అలా కాదు. తొమ్మిది రోజుల ఆటకు ఇళ్ల మధ్య ఖాళీ స్థలం, సద్దుల నాడు తలపై బతుకమ్మతో నడవడానికి వెలుతురు గల దారి, నీటి వద్ద భద్రమైన మెట్లు ఉంటే చాలు. ఇవి పంచాయతీ స్థాయిలోనే ఏర్పాటు చేయదగినవి. లోతైన జలాశయం ఒడ్డున నిమజ్జనానికి అనువైన చోటును రెవెన్యూ, నీటిపారుదల శాఖలు పండుగకు ముందుగానే గుర్తించి, అక్కడ దీపాలు, గజ ఈతగాళ్లను ఏర్పాటు చేయవలసి ఉంటుంది.