చెక్ ఇంజిన్ లైటు పుట్టుపూర్వోత్తరాలు

1943 వేసవిలో లాస్ ఏంజెలస్ నగరాన్ని కళ్లు మండించే పొగ కమ్మేసింది. జనం ముందు ఓ రసాయన కర్మాగారాన్ని అనుమానించారు. దాన్ని మూయించినా పొగ తగ్గలేదు. 1950ల తొలినాళ్లలో కాల్‌టెక్ రసాయన శాస్త్రవేత్త ఆరీ హాగెన్-స్మిట్ గుట్టు విప్పాడు. కార్లూ చమురు శుద్ధి కర్మాగారాలూ వదిలే హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండ తగిలి ఓజోన్‌ను పుట్టిస్తున్నాయని తేల్చాడు.

ప్రభుత్వం నిబంధనలు బిగించేకొద్దీ కార్లలోకి క్యాటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్, ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ వచ్చాయి. అయితే వీటిలో లోపం వచ్చినా కారు చాలాసార్లు మామూలుగానే నడుస్తుంది, డ్రైవరుకు పట్టుబడదు. అందుకే 1988 మోడళ్ల నుంచి ఆ లోపాన్ని కారే కనిపెట్టి దీపం వెలిగించాలని కాలిఫోర్నియా ఆదేశించింది. 1996 మోడళ్ల నుంచి అమెరికా అంతటా ఓబీడీ-2 అనే ప్రామాణిక స్వయం తనిఖీ వ్యవస్థ తప్పనిసరైంది. ఏ కంపెనీ కారుకైనా అదే 16 పిన్నుల సాకెట్, అవే ప్రామాణిక కోడ్లు. మన దేశంలో భారత్ స్టేజ్-4 కార్లకు 2013లో ఓబీడీ-2 వచ్చింది.

రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన పెట్రోలు కారులో ఈ దీపం వెలిగి, ఆ సాకెట్‌కు తగిలించిన స్కానర్‌లో పి0171 అనే కోడ్ కనబడిందనుకుందాం. పెట్రోలుకు తగినదానికంటే గాలి ఎక్కువైందని దాని అర్థం. కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి చాలు. పొగలో ఆక్సిజన్ మిగిలిందని సెన్సర్ చెబితే కంప్యూటర్ పెట్రోలు పెంచుతుంది. ఆ సవరణనే ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. అది హద్దు దాటితే దీపం వెలుగుతుంది. మిశ్రమంలో గాలి మిగిలిపోతే కన్వర్టర్ నైట్రోజన్ ఆక్సైడ్లను విడగొట్టలేదు, అవి నేరుగా బయటికి పోతాయి.

ఇక్కడ చాలామంది తొందరపడి ఆక్సిజన్ సెన్సర్ మార్పిస్తారు. అది ఉన్నమాటే చెప్పి ఉండొచ్చు. ముందు ట్రిమ్ అంకెలు చూడాలి. ఐడిలింగ్‌లో 20 శాతానికి పైగా ఉండి, 2500 ఆర్‌పీఎంకి పెంచగానే బాగా తగ్గిందంటే ఎక్కడో వ్యాక్యూమ్ లీకు, అంటే గాలి దొంగచాటుగా లోపలికి చొరబడే చిల్లు, ఉన్నట్టే. చిల్లు పరిమాణం మారదు, ఇంజిన్ పీల్చే మొత్తం గాలి మాత్రం పెరుగుతుంది. దాంతో దొంగగాలి వాటా తగ్గిపోతుంది. ఏళ్ల తరబడి వేడికి ఎండి పగిలిన రబ్బరు గొట్టాలను వేళ్లతో వంచి చూస్తే ఆ పగులు తరచూ దొరికిపోతుంది. అలా కాక లోడు పెరిగేకొద్దీ ట్రిమ్ కూడా పెరిగితే ఫ్యూయల్ పంపు ఒత్తిడి, ఫిల్టరు, గాలిని కొలిచే సెన్సర్ చూడాలి.

దీపం మిణుకుమిణుకుమంటే మాత్రం ఆలస్యం పనికిరాదు. మిస్‌ఫైర్ వల్ల మండని పెట్రోలు కన్వర్టర్‌లోకి చేరి అక్కడ మండుతోందని అర్థం. ఆ వేడికి లోపలి సిరామిక్ కరిగిపోతుంది. కారును పక్కకు ఆపి, ప్లగ్గులు, కాయిళ్లు చూపించాలి.

బ్యాటరీ తీసి దీపం ఆర్పేస్తే నష్టమే. లోపం పట్టుబడిన క్షణంలో ఇంజిన్ వేడి, వేగం, లోడు ఎంతో కంప్యూటర్ రాసిపెట్టుకున్న వివరాలు అప్పుడు చెరిగిపోతాయి. వాటిని ముందే రాసుకోండి. గొట్టం మార్చాక కోడ్ తొలగించి, కొన్ని రోజులు ఊళ్లోనూ హైవేమీదా నడిపి, ట్రిమ్ సున్నా దగ్గరకు వచ్చిందో లేదో మళ్లీ చూడండి. వస్తేనే మరమ్మతు అయినట్టు.