పద్దెనిమిది నిండితే ఎక్కడికి?

2021 మే నెల. కొవిడ్ రెండో వేవ్. ఆంధ్రప్రదేశ్‌లో అత్యధిక కేసులు నమోదైంది నాటి తూర్పు గోదావరి జిల్లాలోనే. మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ. ఇంటర్ పరీక్షలు వాయిదా పడి, చివరికి రద్దయ్యాయి. సరిగ్గా ఆ నెలలోనే రాజమండ్రి బాలసదనంలో పెరిగిన ఒక అమ్మాయికి పద్దెనిమిదేళ్లు నిండాయనుకుందాం. చట్టం దృష్టిలో ఆమె ఇక బాలిక కాదు. మరి ఎక్కడికి వెళ్లాలి?

పిల్లల్ని వేరే కుటుంబంలో ఉంచి పెంచే ఫోస్టర్ కేర్ మన దగ్గర అరుదు. దిక్కులేని పిల్లలు ఎక్కువగా ప్రభుత్వ బాలసదనాల్లో, స్వచ్ఛంద సంస్థల హోముల్లో పెరుగుతారు. కొవిడ్ మొదలైనప్పుడు దేశంలో ఇలాంటి చోట్ల ఉన్నది సుమారు 2.27 లక్షల మంది. వారిలో 1.45 లక్షల మందికి పైగా పిల్లల్ని ఇళ్లకు పంపేశారు. వారి చదువు ఆగకుండా నెలకు రూ. 2,000 ఇవ్వాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. వెళ్లడానికి ఇల్లంటూ లేనివాళ్ల సంగతే అసలు చిక్కు.

2015 బాల న్యాయ చట్టం 46వ సెక్షన్ ప్రకారం, పద్దెనిమిది నిండి బయటికొచ్చే యువతకు ఆర్థిక సాయం చేయవచ్చు. 2016 నమూనా నిబంధనలు ఈ తోడ్పాటును 21 ఏళ్ల దాకా, ప్రత్యేక పరిస్థితుల్లో 23 దాకా పొడిగించాయి. 2022లో కేంద్ర పథకం మిషన్ వాత్సల్య ఆ సాయాన్ని నెలకు రూ. 4,000గా నిర్ణయించింది. అయితే ఇదేదీ దానంతట అదే అందదు. ఎవరో ఒకరు ముందుగా ప్రణాళిక రాయాలి, బాలల సంక్షేమ కమిటీ ముందు పెట్టాలి, మంజూరు చేయించాలి. ఆఫీసులు మూతపడిన కొవిడ్ రోజుల్లో ఆ ఫైలు పట్టుకుని తిరిగేదెవరు?

మిగతా సాయాలు చాలావరకు కుటుంబాన్ని చూసి ఇచ్చేవే. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ సాయంగా ఇచ్చిన రూ. 1,000 బియ్యం కార్డున్న కుటుంబాలకే అందింది. 2021లో ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు తల్లుల ఖాతాల్లో పడింది. కార్డులో పేరు లేక, తల్లి లేక, ఒంటరిగా నిలబడిన పద్దెనిమిదేళ్ల మనిషి ఈ లెక్కల్లో ఎక్కడా ఇమడదు. అద్దె గది అడిగితే ఇంటివాళ్లు ముందు అడిగేది "మీవాళ్లెవరమ్మా?" అనే. ఆధార్‌లో ఉన్నది హోము చిరునామా. దానికి లింకైన ఫోన్ నంబరు హోము సిబ్బందిదైతే, ఓటీపీ కోసం కూడా వాళ్లనే బతిమాలుకోవాలి.

కొవిడ్‌తో తల్లిదండ్రుల్ని కోల్పోయిన పిల్లలపై ప్రభుత్వాలు స్పందించాయి. రాష్ట్రం ఒక్కొక్కరి పేరున రూ. 10 లక్షలు డిపాజిట్ చేసింది. పీఎం కేర్స్ పథకం 23 ఏళ్లు నిండేసరికి మరో రూ. 10 లక్షలు అందేలా ఏర్పాటు చేసింది. మంచి పనే. కానీ రోడ్డు ప్రమాదంలోనో, ఎయిడ్స్‌తోనో అంతకు ముందే అమ్మానాన్నల్ని పోగొట్టుకుని, అదే హోములో పక్క మంచం మీద పడుకునే పిల్లకు ఇవేవీ వర్తించవు. కొవిడ్ కాలంలో బయటికి రావాల్సిన కష్టం మాత్రం ఆమెదీ.

అమెరికా 2020 డిసెంబరులో ఒక చట్టం చేసింది. వయసు నిండిందన్న కారణంతో 2021 సెప్టెంబరు 30 వరకు ఎవరినీ ఫోస్టర్ కేర్ నుంచి పంపకూడదంది. అప్పటికే బయటికి వెళ్లినవారు తిరిగి రావచ్చంది. అదనంగా 40 కోట్ల డాలర్లు కేటాయించింది. మనకూ అలాంటి నియమం ఒకటి శాశ్వతంగా కావాలి. మహమ్మారి అయినా, తుపాను అయినా, గోదావరి వరద అయినా, విపత్తు ప్రకటించిన క్షణం నుంచి అది ముగిసి ఆర్నెల్లు గడిచేదాకా ఏ హోమూ ఎవరినీ పంపకూడదు.

అంతవరకూ ఆగనక్కర్లేని పనులూ ఉన్నాయి. హోములో పెరిగే ప్రతి పిల్లకూ పదహారేళ్లకే తన పేరున బ్యాంకు ఖాతా, సొంత ఫోన్ నంబరుతో ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం, మార్కుల మెమోలు సిద్ధం చేయాలి. బయటికి వెళ్లాక ఏడాదిపాటు ఫోన్ చేసి బాగోగులు కనుక్కునే బాధ్యత ఒక అధికారికి పేరుపెట్టి అప్పగించాలి. 2022 ఏప్రిల్ నుంచి గోదావరి ప్రాంతంలో కాకినాడ, అమలాపురం, రాజమండ్రి, భీమవరం, ఏలూరు జిల్లా కేంద్రాలు. ఆ ఏడాది తమ పరిధిలో ఎంతమందికి పద్దెనిమిది నిండుతుందో, వారిలో ఎంతమందికి ప్రణాళిక సిద్ధమైందో ఆ ఐదు జిల్లాల కలెక్టర్లు ఏటా ప్రకటించాలి. మీ ఎమ్మెల్యే ఈసారి ఎదురైనప్పుడు ఈ ఒక్క లెక్క అడగండి.