గుంటూరుకు వచ్చిన డాక్టరమ్మ



పట్టిసీమలో గర్భిణీ స్త్రీలను చూడడానికి వెళ్లినప్పుడు ఒక పెద్దావిడ, "సిస్టరమ్మా, మా అత్తగారు పదిమందిని ఇంట్లోనే కన్నారండి. ఆసుపత్రి ఎందుకండీ?" అన్నారు. "పదిమందిలో ఎంతమంది బతికారు మామ్మగారూ?" అన్నాను. ఆవిడ వేళ్లు మడిచి లెక్కపెట్టి, "నలుగురండి" అన్నారు. ఆ రోజు ఆమెకు డాక్టర్ అన్నా కుగ్లర్ గారి సంగతి చెప్పాను. మీకూ చెబుతాను.

కుగ్లర్ గారు 1856లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టారు. 1879లో అక్కడి స్త్రీల వైద్య కళాశాలలో పట్టా పుచ్చుకొని, 1883 నవంబరులో లూథరన్ మిషనరీగా గుంటూరు చేరారు. అయితే మిషను వారు ఆమెను వైద్యానికి పంపలేదు, ఇళ్లలో ఉండే స్త్రీలకు చదువు చెప్పమని పంపారు. ఆమె మాత్రం రోగులను కాదనలేకపోయారు. ఘోషా పాటించే ఇళ్లలో ఆడవారిని మగ డాక్టరు చూడడానికి ఒప్పుకునేవారు కాదు. ఆడ డాక్టర్లా, అరుదు. కాన్పు కష్టమైతే మగవారు అరుగు మీద కూర్చుని ఉండగానే లోపల తల్లి ప్రాణం పోయేది. 1885 చివర్లో మిషను ఆమెను వైద్య మిషనరీగా నియమించింది. మొదట డిస్పెన్సరీ, 1890ల చివరికి స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి వచ్చాయి. 1930 జూలైలో ఆమె గుంటూరులోనే కన్నుమూశారు. ఆ ఆసుపత్రిని ఆమె పేరుతోనే పిలుస్తారు. ఆమెతో పనిచేసిన నర్సు కేథరిన్ ఫాస్ గారి పేరు ఎంతమందికి తెలుసు? మా నర్సుల సంగతి ఎప్పుడూ అంతే!

అప్పుడు డాక్టరమ్మ లేక ఆలస్యం. ఇప్పుడు మనమే ఆలస్యం చేస్తున్నాం. ఇంట్లో కాన్పయి రక్తం పోతున్న ఒక అమ్మాయిని, భర్త పని నుంచి వచ్చేదాకా కదల్చలేదు. "కాన్పన్నాక రక్తం పోదా?" అనుకున్నారట. మా దగ్గరకు తెచ్చేసరికి ముఖం సున్నంలా పాలిపోయి, చేతులు చల్లబడ్డాయి. నాలుగు యూనిట్ల రక్తం ఎక్కించాక గాని కళ్లు తెరవలేదు.

బిడ్డ పుట్టాక గర్భసంచి గట్టిగా ముడుచుకోవాలి. అప్పుడే మాయ ఊడిన చోట రక్తనాళాలు మూసుకుంటాయి. ముడుచుకోకపోతే కొద్ది గంటల్లోనే ప్రాణం పోవచ్చు. అందుకే ఆసుపత్రిలో బిడ్డ పుట్టిన వెంటనే గర్భసంచి ముడుచుకోవడానికి ఇంజెక్షను ఇస్తారు. కాన్పు తర్వాత గంట తిరగకుండా గుడ్డ తడిసిపోతున్నా, కళ్లు తిరుగుతున్నా 108కి ఫోను చేయండి. కడుపుతో ఉన్నప్పుడు రక్తం కనబడినా, తలనొప్పి తగ్గక చూపు మసకబారినా, ఫిట్సు వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా అంతే. ఇంటాయన కోసం కూర్చోవద్దు.

ఇదంతా విని మామ్మగారు లోపలికి వెళ్లి మనవరాలి కార్డు తెచ్చారు. కాన్పు తేదీ ఎప్పుడు రాశారో చదివి చెప్పమన్నారు.